తెలుగు రాస్తే వెబ్ పేజీ పాడవుతుందా?

ఈ వారంలో ఆ సందేశం నాకు చేరడం ఇది ఆరోసారి. బరంపురం నుంచి మామయ్య పంపారు, రాయగడ నుంచి పాత సహోద్యోగి పంపారు, చివరికి పర్లాకిమిడిలో మా వీధి వాట్సాప్ గ్రూపులోకీ వచ్చేసింది. "పిల్లలకు హెచ్‌టీఎంఎల్ నేర్పించకండి. వందకు పైగా ట్యాగులు బట్టీ పట్టాలి. మంచి కంప్యూటర్, ఇంటర్నెట్ కావాలి. ఇంగ్లీషు మీడియం వాళ్లకు తప్ప రాదు, తెలుగు రాస్తే పేజీ పాడవుతుంది. ఎలాగూ ఇప్పుడు ఏఐ రాసిపెడుతుంది." ఆదివారాలు మా వరండాలో పిల్లలకు ఈ హెచ్‌టీఎంఎల్‌నే, అంటే వెబ్ పేజీలు రాసే భాషనే, నేర్పుతున్నాను. ఇక ఊరుకోలేను.

ట్యాగులంటే పేజీలో ఏది శీర్షిక, ఏది పేరా అని బ్రౌజర్‌కు చెప్పే గుర్తులు. వాటిని ఎవరూ బట్టీ పట్టరు. హెచ్1 (శీర్షిక), పి (పేరా), ఎ (లింకు), ఇమ్‌జి (బొమ్మ), యూఎల్ (జాబితా), ఎల్ఐ (జాబితాలో ఒక్కో అంశం) వస్తే మొదటి పేజీ నిలబడుతుంది. వెబ్‌ను సృష్టించిన టిమ్ బెర్నర్స్-లీ 1991లో మొదట వివరించిన ట్యాగులే ఇరవైకి మించవు. నోట్‌ప్యాడ్, బ్రౌజర్ ఉన్న ఏ పాత కంప్యూటరైనా చాలు. మనం రాసిన పేజీ నెట్ లేకపోయినా అదే కంప్యూటర్‌లో తెరుచుకుంటుంది.

ఇక తెలుగు సంగతి. నా కోపమంతా దీని మీదే. అక్షరాలు చెదిరిపోవడం నిజమే, మా పిల్లల పేజీల్లోనూ చూశాను. కానీ తప్పు తెలుగుది కాదు. అక్షరాలను కంప్యూటర్ బైట్లుగా, అంటే చిన్న చిన్న అంకెల ముక్కలుగా, దాచే పద్ధతిని ఎన్‌కోడింగ్ అంటారు. యూటీఎఫ్-8 అనే ఎన్‌కోడింగ్‌లో ఒక్కో తెలుగు సంకేతానికి 3 బైట్లు పడతాయి. పేజీ ఏ ఎన్‌కోడింగ్‌లో ఉందో చెప్పకపోతే బ్రౌజర్ పొరబడి ఆ మూడింటినీ మూడు వేరువేరు గుర్తులుగా చదవవచ్చు. 'త' ఉండాల్సిన చోట అర్థం లేని మూడు గుర్తులు కనిపిస్తాయి. ఫైలును యూటీఎఫ్-8లో భద్రపరచి, పేజీ మొదట్లో ఉండే హెడ్ భాగంలో, ఎన్‌కోడింగ్ ఏదో చెప్పే మెటా చార్‌సెట్ అన్న ఒక్క వరుస రాస్తే సరిపోతుంది. ఒక్క వరుస! దానికోసం ఒక భాషనే పనికిరానిదిగా తేల్చేస్తారా?

పైగా హెచ్‌టీఎంఎల్ మన ఆంధ్ర-ఒడిశా సరిహద్దు ఊళ్లకు సరిగ్గా సరిపోతుంది. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా నడిచే పిల్లలు మావాళ్లు. పేజీ ఏ భాషలో ఉందో చెప్పే లాంగ్ అన్నచోట 'టీఈ' (తెలుగు) అని ఇచ్చి, మధ్యలో వచ్చే ఒడియా పేరాకు 'ఓఆర్' అని ఇవ్వవచ్చు. చూపు లేనివారికి పేజీని చదివి వినిపించే సాఫ్ట్‌వేర్‌లో ఆ రెండు గొంతులూ ఉంటే, భాష మారినచోట గొంతూ మారుతుంది. ట్యాగుల పేర్లు ఇంగ్లీషువే, కాదనను. అయితే నా దగ్గరికి వచ్చే ఏడో తరగతి పిల్లలు వాటిని లెక్కల్లో గుర్తుల్లా నేర్చేసుకున్నారు. మీకు రాదు అని ముందే చెప్పిన పెద్దవాళ్ల మాట మరిచిపోవడానికే వాళ్లకు ఎక్కువ రోజులు పట్టింది.

ఏఐ విషయంలో ఒకటి ఒప్పుకుంటాను. అది నాకంటే వేగంగా రాస్తుంది, పెద్ద పట్టికలు వేయాల్సి వస్తే నేనూ దాన్నే అడుగుతున్నాను. అయితే అది శీర్షికను హెచ్2 (ఉపశీర్షిక) ట్యాగులో పెట్టకుండా అక్షరాలు లావు చేసి వదిలేస్తే కంటికి తేడా తెలియదు. శీర్షిక నుంచి శీర్షికకు వెళ్తూ వినేవారికి మాత్రం దారి తప్పుతుంది. ట్యాగుకు అర్థం తెలిసినవాళ్లే ఆ లోపం పట్టుకుంటారు. మూసే ట్యాగు మరిచినా బ్రౌజర్ ఫిర్యాదు చేయదు, తనకు తోచినట్టు సర్దేస్తుంది.

మామయ్యా, ఆ సందేశం ఇంకెవరికీ పంపకండి. దసరా సెలవులకు మనవరాలిని మా ఇంటికి పంపండి.