ముగింపు ఉన్న ఆటలే మిగులుతున్నాయి

కొంతకాలంగా ఒక మాట యూట్యూబ్ వీడియోల్లో, వాట్సాప్ గ్రూపుల్లో, గేమర్ల కబుర్లలో పదేపదే వినిపిస్తోంది. దాని సారాంశం ఇది: కథ నడిపించే సింగిల్‌ప్లేయర్, అంటే ఒక్కరే ఆడే వీడియో ఆటల రోజులు చెల్లిపోయాయి. డబ్బంతా ఆన్‌లైన్‌లో పలువురు కలిసి ఆడే మల్టీప్లేయర్‌లోనే ఉంది, నిలిచేది కూడా అదే. ముగింపు చూశాక కథలో ఇంకేమీ మిగలదు. అంతగా కావాలనుకుంటే ఆ కథను యూట్యూబ్‌లో చూసుకోవచ్చు. అయినా గదిలో ఒంటరిగా కూర్చుని ఆడేవాళ్లు ఇప్పుడు ఎవరున్నారు?

ఈ వాదనలో నిజం పాలు కొంత ఉంది. మిగతాదంతా తప్పని నా నమ్మకం. ఇరవై ఏళ్లుగా రెండు రకాల ఆటలూ ఆడుతున్నవాడిగా ఒక్కో ముక్కకూ జవాబు చెప్పాలనిపించింది.

ముందుగా, ఈ మాట కొత్తది కాదు. 2017 అక్టోబరులో ఈఏ అనే వీడియో ఆటల సంస్థ తన విసెరల్ స్టూడియోను మూసేసింది. అక్కడ తయారవుతున్న స్టార్ వార్స్ ఆట కథా ప్రధానంగా, ఒకే దారిలో సాగేదిగా ఉందని, ఆడేవాళ్లు మళ్లీ మళ్లీ తిరిగి వచ్చే ఆట కావాలని ఆ సంస్థ అప్పట్లో చెప్పింది. ఇక కథల పని అయిపోయిందని అందరూ రాసేశారు. మరుసటి ఏడాదే ఏప్రిల్‌లో గాడ్ ఆఫ్ వార్, సెప్టెంబరులో స్పైడర్‌మ్యాన్, అక్టోబరులో రెడ్ డెడ్ రిడెంప్షన్ 2 వచ్చాయి. 2019లో అదే ఈఏ, అదే స్టార్ వార్స్ పేరుతో, పూర్తిగా ఒక్కరే ఆడే జెడై: ఫాలెన్ ఆర్డర్‌ను విడుదల చేసి కోటికి పైగా ఆటగాళ్లను సంపాదించుకుంది.

ఇక డబ్బు సంగతి. ఫోర్ట్‌నైట్, రోబ్లాక్స్ లాంటి మల్టీప్లేయర్ ఆటలు ఏటా రాబట్టే సొమ్ము ముందు చాలా కథల ఆటలు నిలబడవు. ఇది ఒప్పుకోవలసిందే. కానీ ఆ రెండు పేర్లు చూపించి మల్టీప్లేయర్ అంటే డబ్బు అనడం, లాటరీ తగిలిన ఇద్దరిని చూపించి టికెట్టు కొంటే చాలు అనడం లాంటిది. తగలనివాళ్ల లెక్క ఎవరూ చెప్పరు. 2024 ఆగస్టు నెల ఒక్కటి చూడండి. 20వ తేదీన చైనాకు చెందిన గేమ్ సైన్స్ అనే స్టూడియో బ్లాక్ మిత్: వుకాంగ్‌ను విడుదల చేసింది. పడమటి యాత్ర అనే పాత చైనా నవలలోని వానర వీరుడి కథ, ఒక్కరే ఆడేది. మూడు రోజుల్లో కోటి ప్రతులు అమ్ముడయ్యాయి. స్టీమ్ అనే ఆన్‌లైన్ ఆటల దుకాణంలో ఒకే సమయంలో 24 లక్షల మంది ఆడారు. సరిగ్గా ఆ మూడో రోజున, 23వ తేదీన, సోనీ తన మల్టీప్లేయర్ ఆట కాంకర్డ్‌ను తెచ్చింది. సెప్టెంబరు 6న దాని సర్వర్లు, అంటే ఆ ఆటను నడిపే సంస్థ కంప్యూటర్లు, ఆగిపోయాయి. కొన్నవాళ్లందరికీ డబ్బు వెనక్కి ఇచ్చారు. అక్టోబరులో ఆ ఆటను చేసిన స్టూడియో కూడా మూతపడింది. ఏళ్ల తరబడి కొన్ని వందల చేతులు చేసిన పని రెండు వారాల్లో కంటికి కనిపించకుండా పోయింది. అది ఎంత నాసిరకం ఆటైనా సరే, ఆ కళాకారులను తలచుకుంటే నాకు బాధగానే ఉంటుంది.

వార్నర్ సంస్థదీ ఇదే కథ. 2023లో దానికి కాసులు కురిపించిన హాగ్వార్ట్స్ లెగసీ ఒక్కరే ఆడే ఆట, ఆ ఏడాది చివరికి 2.2 కోట్ల ప్రతులు అమ్ముడైంది. 2024 ఫిబ్రవరిలో అదే సంస్థ కలిసి ఆడే పద్ధతిలో తెచ్చిన సూయిసైడ్ స్క్వాడ్ ఆట కారణంగా 20 కోట్ల డాలర్ల నష్టం రాసుకోవలసి వచ్చింది.

నిలిచేది మల్టీప్లేయరే అన్న మాట దగ్గర మాత్రం కాస్త ఎక్కువసేపు ఆగుతాను. ఎందుకంటే మొత్తం వాదనలో నన్ను ఎక్కువగా కలచివేసే అబద్ధం ఇదే.

మన దేశంలో ఈ పాఠం వేరే ఎవరూ చెప్పనక్కరలేదు. 2020 సెప్టెంబరు 2న పబ్‌జీ మొబైల్ నిషేధానికి గురైంది. లాక్‌డౌన్ రోజుల్లో రాత్రి పదింటికి స్క్వాడ్ కట్టి కూర్చున్న పిల్లలందరికీ అక్టోబరు నెలాఖరుకల్లా సర్వర్లు కూడా ఆగిపోయాయి. 2021 జూలైలో బీజీఎంఐ పేరుతో తిరిగొచ్చింది. 2022 జూలైలో మళ్లీ స్టోర్ల నుంచి మాయమైంది. 2023 మేలో మళ్లీ వచ్చింది. ఆ నిషేధాల వెనుక ఉన్న కారణాలు సరైనవా కాదా అన్నది ఇక్కడ నా ప్రశ్న కాదు. ఆడేవాడు రాత్రింబవళ్లు కష్టపడి కట్టుకున్నది ఉంటుందా ఊడుతుందా అన్నది అతడి చేతిలో లేదు, అంతే నా మాట.

నిషేధం కూడా అక్కరలేదు. యూబీసాఫ్ట్ 2014లో తెచ్చిన ద క్రూ అనే కార్ల ఆటను 2024 మార్చి 31న ఆపేసింది. ఇందులో గమనించవలసిన విషయం ఒకటి ఉంది. ఆ ఆటలో ఒక్కరే ఆడుకోదగ్గ కథ కూడా ఉంది. కానీ దాన్ని సైతం సర్వర్‌కు ముడివేశారు. అందుకని సర్వర్‌తో పాటు కథా పోయింది, డబ్బు పెట్టి కొన్న డిస్కు గూట్లో బొమ్మలా మిగిలింది. ఆ కోపం నుంచే 'స్టాప్ కిల్లింగ్ గేమ్స్' ఉద్యమం పుట్టింది. ఐరోపాలో దాని విన్నపం మీద 12 లక్షలకు పైగా సంతకాలు పడ్డాయి. మల్టీప్లేయర్ ఆటకు ఆయువు తీసేది చాలాసార్లు ఆడేవాళ్ల విసుగు కాదు, సర్వర్ అద్దె లెక్క.

దీనికంటే బలమైన సాక్ష్యం ఒకే పెట్టెలో దొరుకుతుంది. రెడ్ డెడ్ రిడెంప్షన్ 2లో కథా ఉంది, ఆన్‌లైన్ భాగమూ ఉంది. అవే కొండలు, అవే గుర్రాలు, అవే తుపాకులు. వాదన నిజమైతే కథ తొలి నెలల్లోనే ముగిసిపోయి, ఆన్‌లైన్ ఈ రోజుకూ కళకళలాడుతూ ఉండాలి. జరిగింది తలకిందులు. ఆన్‌లైన్ భాగానికి ఇక పెద్ద విస్తరణలేవీ ఉండవని 2022 జూలైలో దాన్ని తయారుచేసిన రాక్‌స్టార్ సంస్థ ప్రకటించింది. ఆట మాత్రం అమ్ముడవుతూనే ఉంది. 2018 చివరికి 2.3 కోట్లు ఉన్న లెక్క 2025లో 7 కోట్లు దాటింది. విడుదలైన ఏళ్ల తర్వాత కూడా ఇంత మంది దేనికోసం కొంటున్నారు? ఆ కథకు నాయకుడైన ఆర్థర్ మోర్గాన్ అనే ఒక మనిషి కోసం.

కథ తెలిసిపోయాక ఇంకేముంటుందని అడిగేవాళ్లు ఒక్కసారి మన ఊళ్లలో పౌరాణిక నాటకం ఆడిన రాత్రిని గుర్తు చేసుకోవాలి. కృష్ణుడి రాయబారం విఫలమవుతుందని పందిట్లో కూర్చున్న చిన్నపిల్లవాడికి కూడా తెలుసు. అయినా పద్యం ఎత్తుకోగానే వన్స్‌మోర్ అని కేకలు వేసి, అదే పద్యాన్ని మళ్లీ పాడించుకుని, తెల్లవారాక గానీ ఇళ్లకు వెళ్లని జనం మనవాళ్లు. తెలిసిన కథను మళ్లీ తెలుసుకోవడానికి వాళ్లు వెళ్లలేదు, దాన్ని మళ్లీ అనుభవించడానికి వెళ్లారు. ద విచర్ 3 విషయంలో నాకు జరిగింది కూడా అదే. 2015లో వచ్చిన ఆ ఆటను మూడుసార్లు పూర్తి చేశాను. అందులో కథానాయకుడు గెరాల్ట్, అతడు కూతురిలా పెంచిన అమ్మాయి సిరి. మొదటిసారి సిరి కోసం ఆందోళనతో పరుగెత్తాను. పెళ్లయి పాప పుట్టిన తర్వాత ఆడినప్పుడు గెరాల్ట్ ఆమెతో మాట్లాడే ప్రతి చోటా ఏ మాట ఎంచుకోవాలో తెలియక ఫోనులో మాట్లాడుతున్నట్టు ఆగిపోయాను. ఆట అదే, ఆడే మనిషి మారిపోయాడు. 2023 నాటికే అది 5 కోట్ల ప్రతులు దాటిందంటే ఇలాంటివాడిని నేనొక్కడినే కాదని అర్థం.

యూట్యూబ్‌లో చూస్తే సరిపోతుందని అనేవాళ్లకు రెడ్ డెడ్ 2లోని ఒక్క ఘట్టం చెబుతాను. ఇంకా ఆడనివాళ్లు దయచేసి ఈ పేరా, తర్వాతి పేరా వదిలేయండి.

కథ మొదట్లో ఆర్థర్‌ను అప్పు వసూలుకు పంపుతారు. బాకీపడినవాడు థామస్ డౌన్స్ అనే బక్కచిక్కిన రైతు. అంతకుముందే పట్నంలో ఆర్థర్ ఒకణ్ని చావబాదుతుంటే అడ్డుపడి ఆపిన దయగల మనిషి. ఇప్పుడు అతణ్ని అతడి పెరట్లోనే, భార్యాబిడ్డలు ఉండగా కొట్టాలి. ఆట ముందుకు సాగాలంటే వేరే దారి లేదు. బటన్ నొక్కేది మనమే. నేను కూడా పెద్దగా ఆలోచించకుండానే నొక్కాను, ఇలాంటి ఆటల్లో కొట్టడం మామూలే కదా. ఆ దెబ్బలకు అతడు దగ్గుతాడు, నెత్తురు ఆర్థర్ ముఖాన పడుతుంది. ఆర్థర్ తుడుచుకుంటాడు. మనం మరిచిపోతాం.

ఎన్నో గంటల ఆట గడిచాక ఆర్థర్ దగ్గడం మొదలుపెడతాడు. నడివీధిలో కుప్పకూలతాడు. వైద్యుడు క్షయ అని చెబుతాడు. 1899లో ఆ మాటకు ఒకటే అర్థం. ఆ క్షణంలో కంట్రోలర్ నా చేతుల్లో బరువెక్కింది. ఎక్కడ అంటుకుందో నాకు తెలుసు, ఎవరు అంటించుకున్నారో కూడా తెలుసు. వీడియో చూసేవాడికి ఇది విషాదం. ఆడినవాడికి తాను చేసిన పని. ఆ బటన్ నొక్కిన వేలు వీడియో చూసేవాడికి లేదు. సినిమాకు, నవలకు సాధ్యం కానిది, ఆట ఒక్కటే చేయగలిగినది ఇది. దాన్ని వేగం పెంచి చూసే వీడియోతో సమానం చేయడం నాకు ఎంత మాత్రమూ మింగుడుపడదు.

ఖరీదు గురించి కూడా అడుగుతారు. కథల ఆట కొత్తగా కొంటే నాలుగైదు వేలు, మల్టీప్లేయర్ ఉచితం. విద్యార్థికి ఇది నిజమైన ఇబ్బంది, కాదనను. రెండు మూడేళ్లు ఆగితే అవే ఆటలు తగ్గింపులో కొన్ని వందలకు దొరుకుతాయి. అప్పటికీ అవి చెక్కుచెదరకుండా ఉంటాయి. ఉచితం అన్న ఆటల్లో స్కిన్‌ల కోసం, అంటే పాత్రల వేషాల కోసం, నెలనెలా కరిగిన సొమ్మును ఎవరైనా కూడి చూసుకుంటే మంచిది.

చివరిది, ఒంటరితనం. 2003 వేసవి సెలవులు. మా బాబాయిగారి ఇంట్లో కొత్తగా కంప్యూటర్ వచ్చింది. అందులో ప్రాజెక్ట్ ఐజీఐ అనే తుపాకుల ఆట. మన తరంలో అది తెలియనివాళ్లు అరుదు. అందులో మల్టీప్లేయర్ లేదు. మిషన్ మధ్యలో సేవ్ చేసుకునే వీలు కూడా లేదు. చివరి గేటు దగ్గర చచ్చినా మళ్లీ మొదటి నుంచే. మధ్యాహ్నం కరెంటు పోయినా అంతే. ఒకే కుర్చీ, నలుగురు పిల్లలం. అన్నయ్య మౌస్ పట్టేవాడు, నేను కీబోర్డు. చిన్నవాడు శత్రువుల నిఘా కెమెరా ఎటు తిరుగుతోందో చూసి చెప్పాలి. చెల్లి పని అలారం మోగితే బ్యారక్‌ల లోంచి ఎంతమంది సైనికులు వస్తారో లెక్కపెట్టడం. పెట్టె మీద ఒక్కరే ఆడే ఆట అని ఉంది. మాకు ఆ సంగతే గుర్తులేదు.

అన్నయ్య ఇప్పుడు డాలస్‌లో ఉంటాడు. కాలేజీ రోజుల్లో మేమిద్దరం కౌంటర్ స్ట్రైక్ అనే మల్టీప్లేయర్ ఆటలో కొన్ని వందల మ్యాచ్‌లు ఆడాం, సంతోషంగానే ఆడాం. వాటిలో ఒక్క మ్యాచ్ కూడా ఇద్దరికీ విడిగా గుర్తులేదు. పోయిన నెల ఐజీఐని నా లాప్‌టాప్‌లో ఎక్కించి, మొదటి మిషన్ తెరిచి, వీడియో కాల్‌లో అతడికి స్క్రీన్ చూపించాను. నేను కంచె దగ్గరికి వెళ్లేలోపే అటునుంచి కేక వినిపించింది: "ఆగరా, కెమెరా ఇంకా ఇటు తిరగలేదు!"