రోడ్డు రాకముందే కట్టేది, అంతస్తు లేచాక కట్టేది

ఇంటి ప్లాను ఆన్‌లైన్‌లో పెట్టి, మున్సిపాలిటీ చూపిన షార్ట్‌ఫాల్స్ (లోపాలు) సరిచేశాక వచ్చే ఫీజు ఇంటిమేషన్ లెటర్‌లో చాలామంది చూసేది ఆఖరి లైనే. మొత్తం ఎంత, ఎప్పటిలోగా కట్టాలి, అంతే. కానీ అసలు సంగతి పై లైన్లలో ఉంటుంది. పర్మిట్ ఫీజు, డెవలప్‌మెంట్ ఛార్జీలు, బెటర్‌మెంట్ ఛార్జీలు, ఎక్స్‌టర్నల్ బెటర్‌మెంట్ ఛార్జీలు, ఖాళీ స్థలం పన్ను బకాయి, నిర్మాణ ఖర్చు మీద 1 శాతం లేబర్ సెస్సు. ప్లాటు అనుమతి ఉన్న లేఅవుట్‌లోది కాకపోతే సబ్‌డివిజన్ ఛార్జీలు, ఓపెన్ స్పేస్ ఛార్జీలు కూడా తోడవుతాయి. వీటిలో పర్మిట్ ఫీజు ప్లాను పరిశీలించినందుకు, లేబర్ సెస్సు భవన కార్మికుల సంక్షేమ నిధికి. మిగతా వాటిలో పెద్ద భాగం మీ వీధికి రావాల్సిన రోడ్డు, డ్రైనేజీ, పార్కుల పేరు మీద వసూలయ్యే సొమ్ము.

బెటర్‌మెంట్ అన్న ఆలోచన కొత్తది కాదు. మద్రాసు కాలం నుంచి వచ్చిన 1920 టౌన్ ప్లానింగ్ చట్టంలోనే ఉంది. ప్రజల సొమ్ముతో రోడ్డు వేస్తే పక్క స్థలం విలువ పెరుగుతుంది, ఆ పెరిగిన దాంట్లో కొంత వాటా యజమాని తిరిగి ఇవ్వాలి. అంటే ముందు పని, తర్వాత విలువ, ఆ తర్వాత వసూలు. ఈ వరుస కాలక్రమంలో తలకిందులైంది. ఇప్పుడు బెటర్‌మెంట్ ఛార్జీ ఇల్లు కట్టుకోబోయే మనిషి దగ్గర, స్థలం విస్తీర్ణాన్ని బట్టి ముందే పడుతుంది. రోడ్డు ఎప్పుడు వస్తుందో ఆ లెటర్‌లో ఉండదు. పన్నుకు, ఫీజుకు తేడా ఏమిటో సుప్రీంకోర్టు 1954లోనే శిరూర్ మఠం కేసులో చెప్పింది. ఫీజు అంటే చేసిన సేవకు ప్రతిఫలం. తర్వాతి తీర్పులు ఈ సూత్రాన్ని సడలించాయి, లెక్క పైసాకు పైసా సరిపోనక్కర్లేదు, స్థూలంగా సంబంధం ఉంటే చాలన్నాయి. మున్సిపాలిటీలకు ఆ సడలింపే బాగా అక్కరకొచ్చింది.

అనుమతి లేని లేఅవుట్లలోని ప్లాట్లను రుసుము తీసుకుని సక్రమం చేసే లేఅవుట్ క్రమబద్ధీకరణలో ఇదే తర్కం ఇంకా పెద్ద అంకెల్లో కనిపిస్తుంది. తెలంగాణలో 2020 ఆగస్టు 31న వచ్చిన జీవో 131 ప్రకారం 100 చదరపు మీటర్ల లోపు ప్లాటుకు మీటరుకు రూ.200, 101 నుంచి 300 వరకు రూ.400, 301 నుంచి 500 వరకు రూ.600, ఆపైన రూ.750 మూల రుసుము. కట్టాల్సింది ఈ మొత్తం కాదు, స్థలం విలువను బట్టి ఇందులో కొంత శాతం. గజం విలువ రూ.3,000 లోపైతే 20 శాతం, రూ.3,001 నుంచి 5,000 అయితే 30 శాతం, అలా పెరుగుతూ రూ.50,000 దాటితే 100 శాతం. జనం గగ్గోలు పెట్టాక జీవో 135 వచ్చింది, అప్పటి మార్కెట్ ధర బదులు రిజిస్ట్రేషన్ నాటి విలువను ప్రాతిపదికగా తీసుకుంది.

200 గజాల ప్లాటు, రిజిస్ట్రేషన్ నాటికి గజం రూ.4,000 అనుకుందాం. 200 గజాలంటే సుమారు 167 చదరపు మీటర్లు. మీటరుకు రూ.400 చొప్పున రూ.66,800, అందులో 30 శాతం రూ.20,040. ఇంతేనా అని ఊపిరి పీల్చుకునేలోపే రెండో లైను వస్తుంది. లేఅవుట్‌లో 10 శాతం ఖాళీ జాగా వదల్లేదు కాబట్టి ప్లాటు విలువలో 14 శాతం. రూ.8 లక్షల మీద అది రూ.1,12,000. రెండూ కలిపితే రూ.1,32,040. 2025లో ఇచ్చిన 25 శాతం రాయితీ వాడుకున్నవారికి రూ.99,030 అయింది.

గమనించాల్సింది రెండో లైనునే. పార్కు స్థలం వదలకుండా గజం గజం అమ్ముకుని వెళ్లిపోయినవాడు వెంచర్ వేసిన మనిషి. ఆ లోటుకు డబ్బు కడుతున్నది కొన్నవాడు. పోనీ ఆ డబ్బుతో కాలనీకి పార్కు వస్తుందా అంటే, జాగా మొత్తం ఎప్పుడో ప్లాట్లయిపోయింది, ఎక్కడ వస్తుంది? వసూలైన సొమ్మును ప్రత్యేక ఖాతాలో ఉంచి ఆ ప్రాంత సదుపాయాలకే ఖర్చు పెట్టాలని నిబంధనలు చెబుతాయి. అయితే ఆ ఖాతాలోంచి ఏ కాలనీకి ఎంత వెళ్లిందో వార్డు ఆఫీసు గోడ మీద అంటించే పద్ధతి లేదు. డబ్బు కట్టడానికి జనం వెనకాడేది మొత్తం ఎక్కువని మాత్రమే కాదు, కట్టిన డబ్బు కంటికి కనపడదని.

కనపడితే కడతారనడానికి చెన్నై పక్కనున్న ఆలందూరు సాక్ష్యం. ఇరవై అయిదేళ్ల కిందట అక్కడి మున్సిపాలిటీ భూగర్భ డ్రైనేజీ వేయాలనుకుంది. ఇంటికి రూ.5,000, దుకాణాలకు రూ.10,000 డిపాజిట్ ముందే అడిగింది. అప్పటి లెక్కలో అది చిన్న మొత్తం కాదు. కానీ ఆ డబ్బుకు వేరే ఖాతా తెరిచారు, ఇంటింటికీ తిరిగి నివాసుల సంఘాలను ఒప్పించారు, డిపాజిట్ దేనికో ఒక్క వాక్యంలో చెప్పగలిగారు. పైపులు పడ్డాయి, కనెక్షన్లు వచ్చాయి. మన దగ్గర బెటర్‌మెంట్ ఛార్జీ దేనికో కౌంటర్‌లో ఉన్న ఉద్యోగి ఒక్క వాక్యంలో చెప్పలేడు. తప్పు అతనిది కాదు, జీవోలోనే ఆ వాక్యం లేదు.

అమెరికాలో ఇల్లు కొన్న తెలుగువాళ్లకు పన్ను కాగితంలో స్పెషల్ అసెస్‌మెంట్ అన్న లైను పరిచయమే, వీధి పనుల ఖర్చును ఆ వీధి ఆస్తుల మీద వేసే వసూలు అది. మిన్నెసోటా రాష్ట్ర చట్టం 429వ అధ్యాయం దీన్ని ఎలా నడిపిస్తుందో చూడండి. ఒక వీధి బాగుచేయాలంటే ఆ వీధిని ఆనుకున్న స్థలాల ముందువైపు పొడవులో కనీసం 35 శాతం చేతిలో ఉన్న యజమానులు అర్జీ పెట్టాలి. అర్జీ లేకుండా కౌన్సిలే తలపెడితే అయిదింట నాలుగు వంతుల ఓట్లు కావాలి. పని చేయాలా వద్దా అన్నదానికి ఒక విచారణ, ఎవరికెంత వేయాలన్నదానికి మరో విచారణ. వేసే మొత్తం ఆ పని వల్ల ఆస్తి విలువలో పెరిగినదానికి మించకూడదు. మించిందనిపిస్తే ముందు రాతపూర్వకంగా అభ్యంతరం చెప్పి, ఆమోదం జరిగిన 30 రోజుల్లో జిల్లా కోర్టుకు వెళ్లవచ్చు. బిల్లును ఏళ్ల తరబడి వడ్డీతో వాయిదాల్లో ఆస్తి పన్నుతో కలిపి కట్టించుకుంటారు. ఫుట్‌పాత్ మీద మంచు తీయకపోయినా, పెరట్లో కలుపు పీకకపోయినా నగరమే ఆ పని చేయించి, అయిన ఖర్చును అదే పన్నుకు జోడించగలదు. ఇది మహా గొప్ప పద్ధతేమీ కాదు, పింఛను మీద బతికే పెద్దవాళ్లకు వేల డాలర్ల బిల్లు పిడుగుపాటే. అయినా ఏ పనికి, ఏ వీధికి, ఎంత అన్న మూడు ప్రశ్నలకూ అక్కడ కాగితం మీద జవాబు ఉంటుంది.

ఇక అతిక్రమణల వైపు వద్దాం. ఇక్కడ సమస్య పూర్తిగా వేరు. పనికి ముందే వసూలు చేసే వ్యవస్థ, తప్పు దగ్గరికి వచ్చేసరికి తప్పు పూర్తయ్యాక, అదీ అతి తక్కువ ధరకు వసూలు చేస్తుంది. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ అనధికార నిర్మాణానికి ఆస్తి పన్ను మీద జరిమానా మెట్లు దాదాపు ఒకటే. అనుమతి ఉన్న అంతస్తుల్లో సెట్‌బ్యాక్ (ఇంటి చుట్టూ వదలాల్సిన ఖాళీ) అతిక్రమణ 10 శాతం లోపైతే పన్నులో 25 శాతం, దాటితే 50 శాతం, అనుమతి లేని అంతస్తుకో అసలు ప్లానే లేని ఇంటికో 100 శాతం. వంద శాతం అంటే వినడానికి భయంగానే ఉంటుంది. లెక్క వేస్తే భయం పోతుంది.

హైదరాబాద్‌లో వెయ్యి చదరపు అడుగుల అనధికార అంతస్తు, పన్ను లెక్కకు అడుగు నెలసరి అద్దె విలువ ఉదాహరణకు రూ.1.20 అనుకోండి. ఏడాదికి రూ.14,400. పాతికేళ్ల లోపు భవనానికి 10 శాతం తరుగు తీస్తే రూ.12,960. దాని మీద 30 శాతం పన్ను రూ.3,888, లైబ్రరీ సెస్సు వేరు. జరిమానా మరో రూ.3,888. అదే అంతస్తును నెలకు రూ.12,000కు అద్దెకిచ్చినా, ఏడాది జరిమానా పది రోజుల అద్దెలో తేలిపోతుంది. మిగతా పదకొండు నెలల ఇరవై రోజులు యజమానివే. పన్నుకు వాడే అద్దె విలువ వాస్తవ అద్దెలో పదో వంతు ఉన్నంతకాలం, దాని మీద ఎన్ని శాతాలు వేసినా అది శిక్ష కాదు, లైసెన్సు ఫీజు. ఆంధ్రప్రదేశ్ 2021 ఏప్రిల్ నుంచి అద్దె విలువ బదులు ఆస్తి విలువ మీద పన్ను వేసే మూలధన విలువ పద్ధతికి మారింది, ఏటా పెంపు 15 శాతం దాటకుండా కట్టడి పెట్టింది. అక్కడ అంకె కొంత వాస్తవానికి దగ్గరైంది గానీ, జరిమానా మెట్లు మాత్రం అవే.

జరిమానా కట్టినంత మాత్రాన నిర్మాణం క్రమబద్ధమైనట్టు కాదని చట్టంలోనే ఉంది. కానీ కట్టిన రసీదు చూపించి ఫ్లాటు అమ్మేవాళ్లు, అది చూసి నమ్మేవాళ్లు ఉన్నారు. అక్రమ కట్టడాలను, లేఅవుట్లను రుసుముతో క్రమబద్ధం చేసే పథకాలు వరుసగా వచ్చాయి: 2007 డిసెంబరు 31 నాటి జీవోలు 901, 902, తెలంగాణలో 2015 నాటి 151, 152, మళ్లీ 2020లో 131. ఇన్నిసార్లు తలుపు తెరుచుకున్నాక, ఇంకోసారి తెరుచుకోదని ఏ బిల్డరు అనుకుంటాడు?

తెలంగాణలో 2012 నాటి జీవో 168 భవన నిబంధనల్లో మందు ఉంది. నిర్మాణ విస్తీర్ణంలో 10 శాతం ముందే మున్సిపాలిటీకి తనఖా రిజిస్టర్ చేయాలి, ప్లాను ప్రకారమే కట్టారని మున్సిపాలిటీ ఇచ్చే ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ (ఓసీ) వచ్చాకే విడిపిస్తారు. ఓసీ లేకపోతే కరెంటు, నీటి సంస్థలు రెగ్యులర్ కనెక్షన్ ఇవ్వకూడదు, లేదా మూడు రెట్లు ఛార్జీ వేయవచ్చు. పైగా ఏటా ఆస్తి పన్నుకు రెండు రెట్లు జరిమానా. చదివితే గట్టిగానే ఉంది. అమల్లో ఏం జరుగుతుందంటే, బిల్డరు 90 శాతం అమ్ముకుంటాడు, పైన పెంట్‌హౌస్ లేపుతాడు, ఓసీ జోలికే పోడు. మూడు రెట్ల నీటి బిల్లు కట్టేది కొన్నవాళ్లు. తనఖాలో ఉన్న ఫ్లాట్లను వేలం వేసే అలవాటు మున్సిపాలిటీలకు ఏర్పడితే, ఈ మొత్తం వ్యవస్థలో బిల్డరుకు నిజంగా తగిలే దెబ్బ అదొక్కటే. 2024 డిసెంబరులో సుప్రీంకోర్టు కూడా ఓసీ చూశాకే కనెక్షన్లు ఇవ్వాలని దేశమంతటికీ ఆదేశాలిచ్చింది. అదే ఏడాది నవంబరు 13న కూల్చివేతలకు 15 రోజుల నోటీసు తప్పనిసరి చేసింది, రోడ్డు, ఫుట్‌పాత్ లాంటి ప్రజా స్థలాల్లోని కట్టడాలకు మాత్రం ఈ రక్షణ లేదు.

ఆస్తి పన్ను జరిమానా నోటీసు చేతికొచ్చిన యజమాని ముందు చూడాల్సింది అంకెల్ని కాదు, కొలతల్ని. ప్లింత్ ఏరియా (కట్టిన విస్తీర్ణం) ఎంత రాశారు, నివాసమా వాణిజ్యమా, భవనం వయసెంత, జరిమానా ఇంటి మొత్తానికి వేశారా లేక అతిక్రమణ ఉన్న అంతస్తుకేనా. ఒక్క సెట్‌బ్యాక్ తేడాకు ఇల్లంతా అనధికారమని రాస్తే 25 శాతం కాస్తా 100 అవుతుంది. మంజూరైన ప్లాను, అంతస్తుల వారీ కొలతలు జతచేసి నోటీసులో ఇచ్చిన గడువులోగా రాతపూర్వకంగా అభ్యంతరం ఇచ్చి, అందినట్టు ముద్ర వేయించుకోవాలి. బకాయి ఆపితే నెలకు 2 శాతం వడ్డీ పడుతుంది కాబట్టి, వివాదం లేని భాగం కట్టేయడమే లాభం. హైదరాబాద్‌లో అప్పీలు స్మాల్ కాజెస్ కోర్టుకు వెళ్తుంది, దానికీ పన్ను ముందు జమ చేయాల్సిందే.

బెటర్‌మెంట్, ఓపెన్ స్పేస్ ఛార్జీల మీద మాత్రం పోరాటం వేరే దారిలో నడవాలి. కాలనీ సంఘం తరఫున రూ.10 ఫీజుతో సమాచార హక్కు దరఖాస్తు వేయండి. మీ లేఅవుట్ నుంచి ఏయే పద్దు కింద ఎంత వసూలైంది, ఏ ఖాతాలో జమైంది, ఆ ఖాతా నుంచి మీ వార్డులో మంజూరైన పనుల అంచనాలు, వర్క్ ఆర్డర్ నంబర్లు ఏమిటి? వివరణలు అడగొద్దు, నకళ్లు అడగండి. గడువు 30 రోజులు. జవాబు రాకపోయినా, ఆ పద్దుకు విడిగా లెక్క లేదని వచ్చినా, వార్డు సభలో పెట్టడానికీ, ఫీజుకు పనికి సంబంధమేదని హైకోర్టులో అడగడానికీ అదే మొదటి కాగితం.