"తీసేసి మళ్లీ ఇన్‌స్టాల్ చెయ్" అనే సలహా ఇక ఆపేద్దాం

మొన్న రాత్రి పదిన్నరకు పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష నేర్చుకుంటున్న మా జూనియర్ ఒకతను ఫోన్ చేశాడు. గొంతులోనే టెన్షన్ తెలుస్తోంది. "అన్నా, రెండు రోజుల నుంచి పైథాన్ పని చెయ్యట్లేదు. మూడుసార్లు తీసేసి మళ్లీ ఇన్‌స్టాల్ చేశాను. అయినా అదే ఎర్రర్." ఎందుకు తీసేశావయ్యా అంటే, అడిగిన ప్రతి ఒక్కరూ అదే చెప్పారన్నాడు. ఎర్రర్‌లో చివరి లైన్ ఏముందని ఒక్కరు కూడా అడగలేదట.

నాకు చాలా కోపం వచ్చింది. అతని మీద కాదు, ఆ సలహా మీద. ప్రోగ్రామింగ్ అప్పుడే మొదలుపెట్టిన మనిషికి "లోపల ఏం జరుగుతోందో నీకు అక్కర్లేదు, తుడిచేసి మళ్లీ పెట్టు" అని చెబుతున్నాం. ఆ మాట చెప్పడానికి అర నిమిషం పడుతుంది. విన్నవాడికి రెండు రోజులు పోతాయి. అంతకంటే బాధ ఏమిటంటే, తప్పు తనలోనే ఉందని అతను నమ్మడం మొదలుపెడతాడు.

అతని సమస్య ఇదీ. పైథాన్‌కు లైబ్రరీలు (ఇతరులు రాసిపెట్టిన కోడ్) తెచ్చిపెట్టే పిప్‌తో, లెక్కలకు వాడే నంపై అనే లైబ్రరీని ఇన్‌స్టాల్ చేయబోతే "ఇప్పటికే ఉంది" అంటోంది. ప్రోగ్రామ్ నడిపితే "నో మాడ్యూల్ నేమ్డ్ నంపై" అంటోంది, అంటే ఆ పేరుతో మాడ్యూల్ (వేరే ప్రోగ్రామ్‌లు వాడుకునే కోడ్) లేదని. ఒకటి ఉందంటోంది, ఇంకొకటి లేదంటోంది. నిజానికి రెండూ నిజమే చెబుతున్నాయి. ఆ పిప్ ఒక పైథాన్‌ది, ప్రోగ్రామ్‌ని నడుపుతున్నది మరో పైథాన్. ప్రతి పైథాన్‌కు దాని లైబ్రరీల ఫోల్డర్ వేరుగా ఉంటుంది, ఒకదానిలో పెట్టింది ఇంకొకదానికి కనిపించదు. అతని కంప్యూటర్‌లో అప్పటికి మూడు పైథాన్‌లు ఉన్నాయి. తీసేశాననుకున్నది ఒకటి, నిజంగా నడుస్తున్నది ఇంకొకటి. అలాంటప్పుడు ముప్పైసార్లు ఇన్‌స్టాల్ చేసినా ఫలితం మారదు.

అసలు మనం కమాండ్లు కొట్టే టెర్మినల్‌లో "పైథాన్" అని కొట్టి ఎంటర్ నొక్కితే ఏమవుతుందో మొదటి రోజే చెప్పాలి. పాత్ అనే వేరియబుల్‌లో కొన్ని ఫోల్డర్ల పేర్లు వరసగా ఉంటాయి. మనం కొట్టిన కమాండ్‌ని అందుకునే షెల్ అనే ప్రోగ్రామ్ ఆ వరసలోనే వెతుక్కుంటూ వెళ్లి, ఆ పేరుతో మొదట దొరికినదాన్ని నడుపుతుంది. కొత్తదా పాతదా అని చూడదు. ఎక్కడా దొరక్కపోతే "కమాండ్ నాట్ ఫౌండ్" అంటుంది, లైనక్స్‌లో అయితే ఎగ్జిట్ కోడ్ (కమాండ్ ముగిశాక మిగిల్చే సంఖ్య) 127 ఇస్తుంది. అంటే ఆ ఎర్రర్ వచ్చినప్పుడు పైథాన్ ఇంకా మొదలే కాలేదు, మాట్లాడుతున్నది షెల్. ఈ ఒక్క తేడా తెలిస్తే సగం గందరగోళం పోతుంది. మరో చిన్న విషయం: బాష్ (లైనక్స్‌లో ఎక్కువగా వాడే షెల్) ఒకసారి దొరికిన చోటును గుర్తుపెట్టుకుంటుంది. పైథాన్‌ని వేరే చోటికి మార్చాక కూడా పాత చోటునే పట్టుకుని ఉంటే, "హాష్ మైనస్ ఆర్" కొడితే మర్చిపోతుంది.

ఏయే పైథాన్‌లు ఉన్నాయో చూడాలంటే లైనక్స్, మ్యాక్‌లలో "విచ్ మైనస్ ఎ పైథాన్3". విండోస్‌లో "వేర్ పైథాన్". పవర్‌షెల్ అనే విండోస్ షెల్‌లో మాత్రం "వేర్ డాట్ ఈఎక్స్‌ఈ" అని పూర్తిగా రాయాలి, అక్కడ ఉత్త "వేర్" అంటే ఇంకో కమాండ్. విండోస్‌లో ఇంకోటి కూడా చూడాలి. పైథాన్ ఇన్‌స్టాల్ చేయకపోయినా ఆ పేరుతో ఒక చిన్న ఫైల్ ఉండొచ్చు. దాన్ని నడిపితే మైక్రోసాఫ్ట్ స్టోర్ తెరుచుకుంటుంది. సెట్టింగ్స్‌లో యాప్ ఎగ్జిక్యూషన్ ఏలియాసెస్ దగ్గర దాన్ని ఆపేయొచ్చు.

ఇక అన్నిటికంటే గట్టి ఆధారం ఇంటర్‌ప్రెటర్ (మన కోడ్‌ను చదివి నడిపే పైథాన్ ప్రోగ్రామ్) నోటి మాటే. సిస్ మాడ్యూల్‌ని ఇంపోర్ట్ చేసి సిస్ డాట్ ఎగ్జిక్యూటబుల్ ప్రింట్ చేస్తే తను ఏ ఫోల్డర్ నుంచి నడుస్తోందో అదే చెబుతుంది. సిస్ డాట్ పాత్ ప్రింట్ చేస్తే మాడ్యూల్స్ కోసం ఎక్కడెక్కడ వెతుకుతోందో చెబుతుంది. ఇంత సూటిగా సమాధానం చెప్పేదాన్ని వదిలేసి ఎవరెవరినో అడగడం ఎందుకు? పిప్‌ని కూడా విడిగా పిలవకండి. "పైథాన్ మైనస్ ఎమ్ పిప్" అని పిలిస్తే, ఏ పైథాన్ నడుస్తుందో దాని పిప్పే వస్తుంది.

రీఇన్‌స్టాల్ ఎందుకు మందు కాదో చెప్పడానికి నా దగ్గర ఇంకా గట్టి ఉదాహరణ ఉంది. కొన్నిసార్లు పైథాన్ అసలు లేవనే లేవదు. "ఫేటల్ పైథాన్ ఎర్రర్" అని, కింద "నో మాడ్యూల్ నేమ్డ్ ఎన్‌కోడింగ్స్" అని వస్తుంది. చూస్తే భయం వేస్తుంది, అంతా పాడైపోయిందనిపిస్తుంది. చాలాసార్లు కారణం పైథాన్‌హోమ్ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ (ప్రోగ్రామ్‌లకు సిస్టమ్ అందించే సెట్టింగ్). ఎప్పుడో ఏదో సాఫ్ట్‌వేర్ దాన్ని పెట్టి వెళ్లి ఉంటుంది. పైథాన్ దాని మాట నమ్మి, తన సొంత లైబ్రరీని తప్పు ఫోల్డర్‌లో వెతుకుతుంది. పైథాన్‌ని ఎన్నిసార్లు తీసేసి పెట్టినా ఆ వేరియబుల్ అక్కడే ఉంటుంది, కొత్త పైథాన్ కూడా అలాగే పడిపోతుంది. "పైథాన్ మైనస్ పెద్ద ఈ" అని నడిపి చూడండి. పైథాన్ పేరుతో మొదలయ్యే వేరియబుల్స్‌ని అది పట్టించుకోదు. అప్పుడు మామూలుగా లేచిందంటే దోషి దొరికినట్టే.

నేనూ ఒకసారి ఒక సాయంత్రమంతా పోగొట్టుకున్నాను. యాదృచ్ఛిక సంఖ్యల మీద చిన్న ప్రయోగం రాసి, ఫైల్‌కు "రాండమ్ డాట్ పై" అని పేరు పెట్టాను. ఆ తర్వాత అదే ఫోల్డర్‌లో ఏ ప్రోగ్రామ్ నడిపినా రాండమ్ మాడ్యూల్‌లో ఆ ఫంక్షన్ లేదంటోంది. స్క్రిప్ట్ ఉన్న ఫోల్డర్‌నే పైథాన్ ముందు వెతుకుతుంది కాబట్టి, అసలు లైబ్రరీకి బదులు నా ఫైల్ వచ్చి కూర్చుంది. సిస్ డాట్ పాత్‌లో మొదటి వరస చూసి ఉంటే రెండు నిమిషాల పని. సంతోషించాల్సిన విషయం, 3.13 వెర్షన్ నుంచి పైథానే ఈ తప్పును గుర్తించి ఫైల్ పేరు మార్చమని ఎర్రర్‌లోనే చెబుతోంది. తయారుచేసేవాళ్లు ఎర్రర్‌ల మీద అంత శ్రద్ధ పెడుతుంటే, చదవకుండా తుడిచేయమని మనమెలా చెబుతాం?

లైనక్స్ వాడేవాళ్లకు ఈ సలహా నిజంగా ప్రమాదం. అక్కడి పైథాన్ మన ఒక్కరి కోసం లేదు, సిస్టమ్ పనిముట్లు దాని మీద ఆధారపడి ఉంటాయి. దాన్ని తీసేస్తే కొన్ని డిస్ట్రోల్లో (లైనక్స్ రకాల్లో) సాఫ్ట్‌వేర్ ఇన్‌స్టాల్ చేసే పనిముట్టే ఆగిపోతుంది. అందుకే 2023లో వచ్చిన డెబియన్ 12 అనే లైనక్స్‌లో, సిస్టమ్ పైథాన్ మీద పిప్ వాడబోతే "ఎక్స్‌టర్నల్లీ మేనేజ్డ్" (దీన్ని సిస్టమే చూసుకుంటుంది) అని ఆపేస్తుంది. దానికి మనవాళ్లు చెప్పే విరుగుడు "బ్రేక్ సిస్టమ్ ప్యాకేజెస్" అనే ఆప్షన్ పెట్టమని! పాడు చేస్తానని పేరులోనే ఉంది కదండీ. 3.3 వెర్షన్ నుంచి పైథాన్‌తోపాటే వస్తున్న వెన్వ్ ఉంది. దానితో ప్రాజెక్టుకో వర్చువల్ ఎన్విరాన్‌మెంట్ (విడి లైబ్రరీల ఫోల్డర్) పెట్టుకుంటే సిస్టమ్ జోలికే పోనక్కర్లేదు.

ఇంకొక్క విన్నపం. సాయం అడిగేటప్పుడు ఫోన్‌తో స్క్రీన్ ఫోటో తీసి పంపకండి. పది ఫోటోల్లో ఎనిమిదింటిలో చివరి లైన్ ఉండదు. ట్రేస్‌బ్యాక్‌లో (పైథాన్ చూపే ఎర్రర్ వివరాల్లో) అసలు విషయం ఉండేది అక్కడే. టెక్స్ట్ కాపీ చేసి మొత్తం పెట్టండి.

ఆ రాత్రి మా జూనియర్‌తో నేను ఏదీ తీసేయించలేదు. సిస్ డాట్ ఎగ్జిక్యూటబుల్‌ని కోడ్ రాసే ఎడిటర్‌లో ఒకసారి, టెర్మినల్‌లో ఒకసారి ప్రింట్ చేయించి, రెండూ నాకు చదివి వినిపించమన్నాను. రెండోది సగం చదివి ఆగిపోయాడు. "అన్నా, ఫోల్డర్ వేరేది కదా ఇది!" అన్నాడు. ఎడిటర్‌లో ఇంటర్‌ప్రెటర్ మార్చుకోవడం తనే చేసుకున్నాడు. నిన్న ఇంకో ప్రశ్నతో మెసేజ్ పెట్టాడు. మొదటి రెండు లైన్లలో వెర్షన్, పాత్. మూడో లైన్‌లో ఎర్రర్.