కాళ్ళకి సెలవు, నడుముకి డ్యూటీ

ఎలక్ట్రిక్ మౌంటెన్ బైక్, అంటే కొండలెక్కడానికి చేసిన, మోటారు బిగించిన సైకిల్, కొన్నవాళ్ళంటే మన సమాజంలో ఒక చిన్నచూపు ఉంది. "మోటారే లాగుతుంటే ఇంక నువ్వెందుకయ్యా పైన?" అంటారు. మామూలు సైకిల్ తొక్కేవాళ్ళు మమ్మల్ని సోమరిపోతులంటారు, బుల్లెట్ మీద తిరిగేవాళ్ళు అసలు లెక్కలోకే తీసుకోరు, ఇంట్లోవాళ్ళు ఏమంటారో ఇక్కడ రాయడం నాకంత క్షేమం కాదు. ఈ అపోహ తొలగించాల్సిన సమయం వచ్చింది. ఒక ఎలక్ట్రిక్ మౌంటెన్ బైక్ యజమానిగా, హైదరాబాద్ నార్సింగి పరిసరాల్లో క్రమం తప్పకుండా పన్నులు కడుతున్న పౌరుడిగా మనవి చేసుకుంటున్నాను: మేం పడే శ్రమ ఎవరి శ్రమకీ తీసిపోదు. స్కూల్లో శక్తి నిత్యత్వ నియమం చదువుకున్నాం కదా, శ్రమకీ అదే వర్తిస్తుంది. దాన్ని నాశనం చేయలేం. కాళ్ళ నుంచి తీసి నడుముకి, నడుము నుంచి చెవులకి, చెవుల నుంచి జేబుకి బదిలీ చేయగలం, అంతే.

ముందు అసలు ఈ బండి ఏమిటో చట్టం దృష్టిలో చూద్దాం. కేంద్ర మోటారు వాహనాల నిబంధనల ప్రకారం, బ్రేకులు, రిఫ్లెక్టర్లు, బరువు లాంటి షరతులు పోను, మోటారు 250 వాట్లలోపు, వేగం గంటకి 25 కిలోమీటర్లలోపు ఉంటే అది మోటారు వాహనమే కాదు. లైసెన్స్ అక్కర్లేదు, రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. పోనీ సైకిలా అంటే, జీఎస్టీ వాళ్ళు దాన్ని ఎలక్ట్రిక్ వాహనాల్లో వేసి 2019 ఆగస్టు నుంచి 5 శాతమే వేస్తున్నారు. అదే సమయంలో మోటారు లేని మామూలు సైకిల్ మీద 12 శాతం. 2025 సెప్టెంబర్ 22న ఆ రెండూ సమానమయ్యాయి గానీ, అప్పటిదాకా ఈ దేశంలో సొంత కాళ్ళతో తొక్కేవాడు ఎక్కువ పన్ను కట్టాడు, కాళ్ళకి రెస్ట్ ఇచ్చినవాడు తక్కువ కట్టాడు. దీన్ని నేను తప్పుపట్టను. శ్రమని నిరుత్సాహపరచాలనే విషయంలో ప్రభుత్వానికీ నాకూ ఎప్పుడూ అభిప్రాయ భేదం లేదు.

మా అపార్ట్‌మెంట్ అసోసియేషన్ మాత్రం ఈ చిక్కుముడిని ఒక్క మీటింగ్‌లో తేల్చేసింది. పార్కింగ్ డబ్బులు వసూలు చేసేటప్పుడు అది టూవీలర్. సెల్లార్‌లో చార్జింగ్ పాయింట్ అడిగినప్పుడు అది సైకిల్. ఇంత స్పష్టమైన తీర్పు ఏ కోర్టూ ఇవ్వలేదు.

సెల్లార్‌లో ప్లగ్ లేదు కాబట్టి బండి పైకి రావాలి. బరువు ఇరవై కిలోల పైమాట. లిఫ్టులో అడ్డంగా పట్టదు, కాబట్టి ముందు చక్రం పైకెత్తి, వెనక చక్రం మీద నిలబెట్టి, హ్యాండిల్‌ని ఛాతీకి ఆనించుకుని, పెడల్ పిక్కలోకి గుచ్చుకుంటుండగా మూలకి ఒదిగి నిలబడాలి. సరిగ్గా అప్పుడే రెండో ఫ్లోర్‌లో పూజకి వెళ్తున్న పట్టుచీర పెద్దావిడ లిఫ్ట్ ఆపుతారు. "ఎక్సర్‌సైజా బాబూ?" అని అడుగుతారు. ఏం చెప్తాం, అదేనండీ అంటాం. అబద్ధం కూడా కాదు, ఆ రోజుకి గుండె వేగం బాగా పెరిగింది అక్కడే. ఇక కరెంట్ పోయి లిఫ్ట్ ఆగిందా, వాక్ మోడ్ అని ఒకటుంటుంది, బటన్ నొక్కి పట్టుకుంటే బండి తనంతట తాను మనిషి నడిచే వేగంతో కదులుతుంది, మనం పక్కనే నడవొచ్చు. ఇరవై కిలోల ఇనుముని మెట్ల మీద దానితో పాటు పరిగెత్తుకుంటూ పైకి నడిపించడం మీరు చూసి తీరాల్సిన దృశ్యం, మా పిల్లలు వీడియో తీశారు.

సరే, మౌంటెన్ బైక్ అన్నాక మౌంటెన్ ఉండాలి కదా. ఇక్కడే విమర్శకులు రెచ్చిపోతారు. హైదరాబాద్ నుంచి పేరున్న కొండలంటే వికారాబాద్ పక్కన అనంతగిరి, మూసీ పుట్టిన చోటు, పోను డెబ్భై ఎనభై కిలోమీటర్లు. నా బండి రేంజ్ కంపెనీ కాగితం మీద బాగానే ఉంటుంది గానీ, ఆ కాగితం రాసినవాళ్ళు దాన్ని బక్కపలచని మనిషిని ఎక్కించి, చదును రోడ్డు మీద, ఎదురుగాలి లేనప్పుడు, మోటారు సాయం (అసిస్ట్) అతి తక్కువలో పెట్టి నడిపించి ఉంటారు, వీకెండ్ బిర్యానీ లెక్కలో లేదు. కాబట్టి కొండ ఎక్కడానికి పుట్టిన బండి కొండ దాకా కారెక్కి వెళ్ళాలి. పోనీ ఏకంగా లద్దాఖ్‌కే తీసుకెళ్దాం అనుకుంటే, 160 వాట్-అవర్లు దాటిన లిథియం బ్యాటరీని ప్రయాణికుల విమానంలోకి రానివ్వరు. నాది 36 వోల్టులు, పది ఆంపియర్-అవర్లు, గుణిస్తే 360. పైగా నాది చిన్నది, ఫారిన్ బండ్లకి దాదాపు రెట్టింపు ఉంటుంది. అంటే ప్రపంచంలోని గొప్ప కొండలన్నిటి దగ్గరకీ విమానంలో వెళ్ళడానికి అర్హత లేని వస్తువు ఏదైనా ఉందంటే అది కొండల కోసం చేసిన ఈ బండే.

అందుకే మేం ఔటర్ రింగ్ రోడ్డు పక్కన సైకిల్ ట్రాక్ మీద తొక్కుతాం. 2023లో తెరిచారు, 23 కిలోమీటర్లు, వెడల్పు నాలుగున్నర మీటర్లు, పైన సోలార్ ప్యానెళ్ళ కప్పు, సామర్థ్యం 16 మెగావాట్లు. నేల అద్దంలా ఉంటుంది. దాని మీద ముందు ఫోర్కులో వంద మిల్లీమీటర్ల సస్పెన్షన్, బురదలో పట్టు కోసం చేసిన గుబ్బల టైర్లు వేసుకుని, గుర్రుమని చప్పుడు చేసుకుంటూ పోతుంటాం. నెత్తి మీద 16 మెగావాట్లు, కింద నా బ్యాటరీలో ఒక గీత. ఆ కప్పు నుంచి ఒక వైరు కిందికి లాగితే మా జీవితాలు మారిపోతాయని అధికారులకి ఇంకా తట్టలేదు. వానాకాలం వచ్చాక లోపలి రోడ్ల మీదకి వెళ్తే మాత్రం ఆ సస్పెన్షన్, ఆ టైర్లు, అన్నీ అవసరమే. నిజాయితీగా చెప్పాలంటే అనంతగిరిలో కూడా అంత లోతు గుంటలుండవు.

ఇప్పుడు చీటింగ్ అనే ఆరోపణ. దీనికి జవాబు ఇవ్వక తప్పదు. ఈ బండ్ల పోటీలకి సాక్షాత్తూ అంతర్జాతీయ సైక్లింగ్ సమాఖ్యే 2019లో కెనడాలోని మోంట్ సెంట్ ఆన్‌లో తొలి ప్రపంచ ఛాంపియన్‌షిప్ పెట్టింది. అక్కడ పోటీ పడ్డవాళ్ళు రాళ్ళ మీద, వేర్ల మీద చెమటలు కక్కుతూ పోయారు. నేను కూడా వాళ్ళ జాతికే చెందుతాను, సాంకేతికంగా. కాకపోతే తేడా సెన్సార్ దగ్గర ఉంది. ఖరీదైన బండ్లలో టార్క్ సెన్సార్ ఉంటుంది, మీరు ఎంత బలంగా తొక్కితే మోటారు దాన్ని బట్టి సాయం చేస్తుంది. నా బండిలో ఉన్నది క్యాడెన్స్ సెన్సార్. పెడల్ తిరుగుతోందా లేదా అన్నదే దానికి కావాలి, ఎంత బలంతో తిరుగుతోందో దానికి అనవసరం, అచ్చం మా ఆఫీసు బయోమెట్రిక్ హాజరు లాగా. పాదాలు ఊరికే అలా గాల్లో తిప్పుతుంటే చాలు, బండి పోతూనే ఉంటుంది. హ్యాండిల్‌కి థ్రాటిల్ కూడా ఉంది, స్కూటర్ యాక్సిలరేటర్ లాంటిది. బొటనవేలితో థ్రాటిల్ నొక్కి, మర్యాద కోసం కాళ్ళు తిప్పుతూ, ముఖంలో కాస్త ఆయాసం చూపిస్తూ ఖాజాగూడ ఎత్తు ఎక్కడం ఒక కళ. ముఖం మీద ఆయాసం తెప్పించుకోవడం అంత తేలికేం కాదు, ప్రాక్టీస్ కావాలి. ఇంత చేసి పైకి చేరేసరికి పేపర్లు వేసే కుర్రాడు గేర్లు లేని సైకిల్ మీద, హ్యాండిల్‌కి సంచీ వేలాడేసుకుని, ఫోన్ మాట్లాడుకుంటూ మనల్ని దాటిపోతాడు. 25 దాటగానే మోటారు మానేస్తుంది కదా, చట్టాన్ని గౌరవించేవాళ్ళం కాబట్టి దాటనిస్తాం.

సిగ్నల్ దగ్గర ఆగితే చెవుల డ్యూటీ మొదలవుతుంది. పక్కన ఆటో అన్న తొంగి చూస్తాడు. "ఎంతవడ్డదన్నా?" చెప్తాం. "గంతనా! ఇంకో పది ఏస్తే స్కూటీ వస్తుండె గదా." తలూపుతాం. "మైలేజ్ ఎంతిస్తది?" ఇక్కడ మాత్రం నేను గర్వంగా చెబుతాను. 360 వాట్-అవర్లంటే యూనిట్‌లో మూడో వంతుకి కాస్త పైన, ఫుల్ చార్జ్ చేస్తే రెండు మూడు రూపాయలు. ఆ అంకె విన్నాక ఆటో అన్న కళ్ళలో గౌరవం కనిపిస్తుంది. అప్పటికి సిగ్నల్ పడుతుంది, మిగతా ఖర్చులు చెప్పే టైమ్ ఉండదు, దేవుడున్నాడు.

ఎందుకంటే ఆ మూడు రూపాయల కరెంటుకి జరిగే మర్యాదలు చాలా ఉన్నాయి. లిథియం బ్యాటరీకి ఎండ పడదు, పూర్తిగా ఖాళీ అవడం పడదు, నిండుగా చార్జ్ చేసి వారాల తరబడి వదిలేయడం కూడా పడదు, వాడనప్పుడు సగం చార్జ్‌లో చల్లటి చోట ఉంచమంటారు. మే నెలలో హైదరాబాద్‌లో చల్లటి చోటంటే ఒకటే, బెడ్‌రూమ్. కాబట్టి బ్యాటరీ ఏసీలో పడుకుంటుంది. మా నాన్నగారు హాల్లో ఫ్యాన్ కింద పడుకుంటారు. ఆయన ఒక రాత్రి తలుపు తెరిచి, నైట్ ల్యాంప్ వెలుగులో కుర్చీ మీద తువ్వాలు పరిచి దాని మీద ఉన్న బ్యాటరీని చూసి, ఏమీ అనకుండా తలుపు వేసుకుని వెళ్ళిపోయారు. పొద్దున కాఫీ దగ్గర మాత్రం అడిగారు, "దానికి దుప్పటి కప్పలేదేం రా?"

నిరుడు దసరాకి మా అమ్మ ఆయుధ పూజలో బండికి కూడా చోటిచ్చింది. హ్యాండిల్‌కి బంతిపూల దండ, డిస్‌ప్లేకి బొట్టు, టైరు కింద నిమ్మకాయ. అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. చక్రం మధ్యలో గుండ్రంగా, చిల్లులతో మెరుస్తున్న రేకుని చూసి ఇదే ఇందులో ముఖ్యమైన అంగమని ఆవిడకి తోచింది. కుంకుమ రాలకుండా నిలవాలని ముందు దానికి నువ్వుల నూనె పూసి, పైన చుట్టూ బొట్లు పెట్టింది. అది డిస్క్ బ్రేక్ రోటార్. దాన్ని వేలితో ముట్టుకోవద్దనే చెప్తారు, చేతి జిడ్డు కూడా పనికిరాదని. నూనె తగిలితే ప్యాడ్లు పీల్చుకుంటాయి, ఇక బ్రేక్ నొక్కితే బండి ఆగదు, అరుస్తుంది. రోటార్‌ని ఆల్కహాల్‌తో తుడిచి కొత్త ప్యాడ్లు వేయించేదాకా నేను వస్తున్నానని కోకాపేట మొత్తానికి ముందే తెలిసిపోయేది. "చూశావా, పూజ చేశాక అందరూ పక్కకి తప్పుకుంటున్నారు" అంది అమ్మ.

అరుపు సంగతి చూడమని మెకానిక్ దగ్గరకి తీసుకెళ్తే ఇంకో జ్ఞానోదయం. సైకిల్ షాపాయన, "ఇండ్ల కరెంటున్నది సార్, నేను ముట్ట" అన్నాడు. ఎదురుగా స్కూటర్ మెకానిక్, "పెడళ్ళున్నయ్ గదా, సైకిల్ షాపుల సూపియ్యి" అన్నాడు. కంపెనీ సర్వీసు నంబర్‌కి ఫోన్ చేస్తే ఎంతో వినయంగా, "సార్, ఒకసారి ఆఫ్ చేసి ఆన్ చేయండి" అన్నారు. బ్రేక్‌ని ఎలా ఆఫ్ చేయాలో అడిగితే టికెట్ రెయిజ్ చేశారు. చివరికి యూట్యూబ్ చూసి నేనే విప్పాను. స్పానర్లు, అలెన్ కీలు, టార్క్ రెంచ్, చైన్ అరుగుదల కొలిచే గేజ్, డీగ్రీజర్, తడి రోజులకి ఒక ల్యూబ్, పొడి రోజులకి ఇంకో ల్యూబ్. ఆదివారం పొద్దున నేను తొక్కడానికి వెళ్ళడం మానేసి చాలా కాలమైంది, ఆ టైమ్‌లో చైన్ తుడుస్తాను. ఒక్కో లింకుకి ఒక్కో చుక్క వేసి, కాసేపాగి, పైన మిగిలింది మళ్ళీ తుడిచేయాలి. వేసింది తుడిచేయడానికే అయితే వేయడమెందుకని మా ఆవిడ అడిగింది. పై జిడ్డుకి దుమ్ము పట్టి చైన్‌ని అరగదీస్తుందని వివరించాను. ఇల్లు తుడవడం గురించి కూడా ఇంత అవగాహన ఉంటే బాగుండేదంది.

అయినా నాది ఏం బాధ, బి బ్లాక్ ఆయన్ని చూడాలి. ఆయనది జర్మన్ మోటారు, వెనక చక్రంలో కాదు, పెడళ్ళ దగ్గరే ఉంటుంది, 85 న్యూటన్-మీటర్ల టార్క్, అంటే తిప్పే బలం. ఆల్టో 800 కారుకే 69 అని ఆయన ప్రతి గెట్ టు గెదర్‌లోనూ చెప్తాడు. చెప్పనిది ఏమిటంటే ఆల్టోకి ఆ బలాన్ని మోయడానికి గట్టి గేర్‌బాక్స్ ఉంది, ఈయనకి ఉన్నది సన్నటి సైకిల్ చైన్. మోటారు బలం, కాళ్ళ బలం రెండూ దాని మీదే. గేర్ మార్చేటప్పుడు కాస్త తొక్కడం తేలిక చేయాలి, ఈయన చేయడు, సెల్లార్ ర్యాంప్ మీద టకామని చప్పుడు వస్తే ఏ బ్లాక్‌లో ఉన్నవాళ్ళకైనా అర్థమైపోతుంది. గేజ్ పెట్టి చూస్తే చైన్ అర శాతం సాగింది. ఇంకొన్నాళ్ళు వాడదాంలే అనుకున్నాడు, అది వెనక పళ్ళ చక్రాలన్నిటినీ కొరికి పెట్టింది. ఆ పళ్ళ చక్రాల గుత్తిని క్యాసెట్ అంటారు, అది ఫారిన్ నుంచి రావాలి. వస్తుంది, బండి కొన్నప్పటి ఉత్సాహం పోయాక.

పోయిన నెల ఆయన మా కాలనీ గ్రూపులో ఫొటోలు పెట్టాడు. "ఇంపోర్టెడ్ ఎలక్ట్రిక్ మౌంటెన్ బైక్, సింగిల్ ఓనర్, షోరూమ్ కండిషన్, రఫ్‌గా వాడలేదు, జెన్యూన్ బయ్యర్స్ మాత్రమే." రఫ్‌గా వాడలేదన్న మాట అక్షరాలా నిజం, దానికి మేమంతా సాక్షులం. చాలామంది వచ్చి చూశారు, తొక్కి చూశారు, సెల్ఫీలు దిగారు, రేటు వినగానే అర్జెంట్ ఫోన్లు వచ్చి వెళ్ళిపోయారు. చివరికి పక్క వీధి కిరాణా షాపాయన కొడుకుని వెంటబెట్టుకుని వచ్చాడు. పిల్లాడు తొమ్మిదో క్లాసు. ఆయన బండిని ఓపిగ్గా చుట్టూ తిరిగి చూశాడు, సీటు నొక్కాడు, ముందు ఫోర్కుని రెండుసార్లు అదిమాడు, కింద మోటారు దగ్గర వంగి వేలితో తట్టాడు.

"బండి మంచిగనే ఉన్నది సార్," అన్నాడు. "గీ మోటరు, బ్యాటరీ మీరే ఉంచుకోర్రి. మిగిలిందానికి ఎంత జెప్తరు?"