నేల మీదుంటే నాట్యం, గోడకెక్కితే ఆర్ట్

అవాంగార్డ్ కొరియోగ్రాఫర్లకు, అంటే పాత పద్ధతులు వద్దని డాన్స్ కూర్చేవాళ్లకు, వయసు మీద పడితే ఏం చెయ్యాలన్న సమస్యను సమాజం ఇంతవరకు సీరియస్‌గా పట్టించుకోలేదు. బ్యాలే డాన్సర్‌కు మోకాళ్లు అరిగినా బెంగ లేదు, నాలుగు స్టెప్పులు నేర్పుకుంటూ బతికేస్తారు. అసలు స్టెప్పులే వద్దన్నవాళ్లు ఏం నేర్పాలి? 1965లో అమెరికన్ కొరియోగ్రాఫర్ ఇవాన్ రైనర్ గారు ఒక చిట్టా రాశారు. ఆర్భాటం వద్దు, నైపుణ్యం వద్దు, స్టార్ వైభోగం వద్దు, ప్రేక్షకుణ్ణి వల్లో వేసుకోవడం అసలే వద్దు. ఇన్ని వద్దన్నాక టికెట్ కొనేవాడు కూడా వద్దనుకోవడం సహజం. రైనర్ గారు సినిమాలు తీసుకోవడానికి వెళ్లిపోయారు. మిగతావాళ్లను మ్యూజియం ఆదుకుంది.

ఇందులో ఉన్న సుఖం అనుభవించినవాళ్లకే తెలుస్తుంది. థియేటర్లో తలుపులు మూసి లైట్లు ఆర్పేస్తారు. మధ్య వరసలో ఇరుక్కున్నవాడు బయటపడాలంటే పదిమంది మోకాళ్లు దాటాలి. దాటలేక కూర్చుండిపోయి, ఆ కసంతా రివ్యూలో కక్కుతాడు. మ్యూజియంలో ఆ గొడవ లేదు. వస్తారు, అర నిమిషం చూస్తారు, గోడ మీది లేబుల్ రెండు నిమిషాలు చదువుతారు, తల పంకించి కాఫీకి వెళ్లిపోతారు. గంటసేపు ఒక మనిషి కదలకుండా నేల మీద పడుకుంటే థియేటర్లో డబ్బులు వాపసు అడుగుతారు. ఇక్కడ చెప్పుల చప్పుడు కాకుండా పక్కనుంచి నడుస్తారు.

కొరియోగ్రాఫర్ సిమోన్ ఫోర్టీ గారి సంగతే చూడండి. 1961లో న్యూయార్క్‌లో, ఆర్టిస్టు యోకో ఓనో గారి లాఫ్ట్‌లో, అంటే పై అంతస్తులోని పెద్ద ఖాళీ గదిలో, ఒక ప్లైవుడ్ పలకను 45 డిగ్రీల వాలులో గోడకు ఆనించారు. పైనుంచి ముడులు వేసిన తాళ్లు వేలాడుతుంటాయి. కొందరు ఆ తాళ్లు పట్టుకుని పలక మీద అటూ ఇటూ, పైకీ కిందికీ కదులుతుంటారు. సంగీతం లేదు, కథ లేదు. అరచేతులు మండటం మాత్రం ఉంటుంది. ఇంకోదాంట్లో కొందరు తలలు వంచి, ఒకరినొకరు పట్టుకుని ముద్దలా నిలబడతారు. ఒకరు ఆ ముద్ద మీదికెక్కి, అటువైపు దిగి, మళ్లీ అందులోనే కలిసిపోతారు. (ఈ రెండూ నాకు నిజంగానే నచ్చాయి. వ్యంగ్యం రాసేవాడు ఇలాంటివి బయటికి అనకూడదు.) 2015లో న్యూయార్క్‌లోని ఆధునిక కళల మ్యూజియం మోమా వీటిని తన కలెక్షన్‌లోకి కొనుక్కుంది. పట్టింది 54 ఏళ్లే.

స్టోర్ రూమ్ చూసుకునే ఉద్యోగిని తల్చుకుంటే జాలేస్తుంది. పెయింటింగ్ అయితే గదిలో తేమ సరిచూసి అరలో పెడతాడు. మనుషుల ముద్దను ఏ అరలో పెట్టాలి? కొన్నది ఎలా చెయ్యాలో చెప్పే సూచనలనూ, చేయించుకునే హక్కునూ. చెయ్యడం మాత్రం తెలిసినవాళ్ల దగ్గర ఒంటితో నేర్చుకోవాల్సిందే. గురువు ఎదురుగా నిలబడి శిష్యుడు నేర్చుకునే పద్ధతిని ఆధునిక మ్యూజియం ఎట్టకేలకు కనిపెట్టిందన్నమాట.

మామూలు కొనుగోలుదారుకు ఇంత ఓపిక ఉండదు, చేతికి ఏదో ఒకటి తగలాలి. ఆ కష్టం త్రిషా బ్రౌన్ గారికి అర్థమైంది. 1970లో ఒక మనిషికి తాళ్లు కట్టి న్యూయార్క్‌లో ఏడంతస్తుల బిల్డింగ్ గోడ మీదుగా కిందికి నడిపించిన మనిషి ఆవిడ. ఆ నడకను ఇంటికి పట్టుకెళ్లడం ఎవరి వల్లా కాలేదు. 2000 దాటాక పెద్ద కాగితం నేల మీద పరిచి, కాలివేళ్ల సందున బొగ్గు పెట్టుకుని దాని మీద డాన్స్ చేశారు. దొర్లినచోట మరక, జారినచోట గీత, మడమ ఆగినచోట నల్లటి చుక్క. అయ్యాక కాగితాన్ని లేపి గోడకు తగిలించారు. కింద ఉన్నంతసేపూ డాన్సర్ తొక్కిన కాగితం, గోడకెక్కగానే ఎవరూ ముట్టుకోకూడనిది అయిపోయింది.

విలియం ఫోర్సైత్ గారి ప్రతిభ ఖర్చు తగ్గించడంలో ఉంది. 1984 నుంచి 2004 దాకా ఫ్రాంక్‌ఫర్ట్ బ్యాలేను నడిపిన మనిషికి డాన్సర్ అంటే ఎంత ఖర్చో చెప్పనక్కర్లేదు. 1997లో లండన్‌లోని రౌండ్‌హౌస్‌లో, ఇంకో ఇద్దరితో కలిసి, గాలి నింపిన తెల్లటి కోట ఒకటి నిలబెట్టారు. జనమే బూట్లు విప్పి లోపలికెళ్లి ఎగిరారు. రిహార్సల్ లేదు, జీతం లేదు. 2017లో పారిస్ దగ్గర ఒక పేరున్న గ్యాలరీలో రెండు ఫ్యాక్టరీ రోబోల చేత పెద్ద నల్లజెండాలు ఊపించారు. రోబోలు ఫిజియోథెరపీ అడగవు, టీ బ్రేక్ అడగవు, ‘ఇందులో నా పాత్ర స్వభావం ఏంటి సార్’ అని అసలే అడగవు.

అయినా నా ఓటు ఆర్టిస్టు టీనో సెహ్‌గల్ గారికే. ఆయన పొలిటికల్ ఎకానమీ, డాన్స్ రెండూ చదివారు, రెంటినీ ఒకేసారి వాడుతున్నారు. ఆయన పనిలో వస్తువే ఉండదు. మనుషులుంటారు, వాళ్ల కదలికలుంటాయి, మాటలుంటాయి. ఫొటో తియ్యకూడదు. అమ్మకం కూడా నోటిమాటే. కొనేవాళ్లూ నోటరీ కూర్చుని ఉంటే షరతులు గట్టిగా చెబుతారు: ఎన్నాళ్లు ప్రదర్శించాలి, చేసేవాళ్లకు ఎంతకు తగ్గకుండా ఇవ్వాలి, మళ్లీ అమ్మితే ఎలా అమ్మాలి. కాగితం లేదు, సంతకం లేదు, రసీదు లేదు. మోమా 2008లో ఇలాగే ఒక ముద్దును కొంది. ఒక జంట ఆర్ట్ చరిత్రలోని పేరుమోసిన కౌగిలింతలన్నీ నెమ్మదిగా ఒకదాని తర్వాత ఒకటి అభినయిస్తుంది. గోడకు కొట్టే మేకుకు కూడా రిజిస్టర్ రాసే సంస్థ, ఇంత ఆస్తిని జ్ఞాపకం మీద నడుపుతోంది. ఆడిటర్ వచ్చి ‘బిల్లేదీ?’ అంటే సంబంధిత అధికారి కళ్లు మూసుకుని గుర్తు తెచ్చుకోవాలి.

ఈ కళకు 2013లో వెనిస్ బినాలే అనే అంతర్జాతీయ కళా ప్రదర్శన తన పెద్ద బహుమతి గోల్డెన్ లయన్ ఇచ్చింది. థియేటర్ వేసుకునేవాళ్లు మాత్రం ఇప్పటికీ లైటు అద్దెకు తెచ్చినా మూడు కాపీల మీద సంతకాలు పెడుతున్నారు.

మ్యూజియానికి మారిన డాన్సర్లు ఒక చిన్న ఇబ్బంది చెబుతుంటారు. థియేటర్లో కాళ్ల కింద స్ప్రింగులాంటి చెక్క నేల, గ్యాలరీలో కాంక్రీటు. షో గంటన్నరలో అయిపోతుంది, మ్యూజియం పొద్దున తెరిస్తే సాయంత్రం దాకా మూయరు. ఇలాంటి స్వార్థపూరిత ఫిర్యాదులను పట్టించుకుంటే కళ ముందుకు సాగదు. పరిష్కారం కూడా సెహ్‌గల్ గారే చూపించారు. 2005లో అదే వెనిస్ బినాలేలో, జర్మనీ ప్రదర్శన భవనంలో గార్డుల వేషంలో ఉన్నవాళ్లు లోపలికొచ్చిన జనం చుట్టూ డాన్స్ చేస్తూ, ఇదెంత కాంటెంపరరీయో అని పాడారు. కాబట్టి కొత్తగా ఈ రంగంలోకి వచ్చేవాళ్లు డాన్స్ స్కూలుకు అప్లై చేసేముందు మ్యూజియంలో గార్డు పోస్టులేమైనా ఖాళీగా ఉన్నాయేమో కనుక్కోవాలి. నెల జీతం వస్తుంది, కూర్చోడానికి కుర్చీ కూడా ఇస్తారు.