నాన్నగారి పంచె తెలుపు

మా మేనల్లుడికి తిరుమలలో పుట్టువెంట్రుకలు తీయించి, తిరుపతిలో మా ఇంటి మేడ మీద బంధువులకు భోజనాలు పెట్టిన రోజున, ఎండకు తాళలేక బావగారు ఆకుపచ్చ టార్పాలిన్ పట్టా కట్టించారు. నీడ బాగానే వచ్చింది. కానీ పట్టా గుండా దిగిన వెలుతురు 40 మంది ముఖాల మీదా పచ్చగా పరుచుకుంది. కూర్చున్నవారిలో ఎవరూ దానిని గమనించలేదు, ఎందుకంటే వెలుతురు ఏ రంగులో ఉన్నా కాసేపట్లో దానికి సర్దుకుపోయే గుణం మన కంటికి ఉంది. కెమెరాకు అలాంటి మొహమాటం లేదు. ఫొటోలో, చందనం పూసిన పిల్లవాడి గుండు అప్పుడే కోసిన మామిడికాయలాగా కనిపించింది.

"ఒరే, దీన్ని కంప్యూటర్లో సరిచేసి ఇయ్యి, పటం కట్టించుకుంటాం" అని అక్క అడిగినప్పుడు, అది అరగంట పని అని నేనన్న మాటను మా ఇంట్లో ఇప్పటికీ తలుచుకుంటారు.

గింప్ అనే ఉచిత సాఫ్ట్‌వేరులో, ఫొటో రంగులను సరిచేసే లెవెల్స్ అనే పెట్టెను తెరిస్తే, కంట్లో చుక్కల మందు వేసే గొట్టం లాంటి బొమ్మలు మూడు ఉంటాయి. వాటిలో మధ్యదానితో ఫొటోలో ఒకచోట నొక్కితే, అక్కడ ఎరుపు, ఆకుపచ్చ, నీలం మూడూ సమానంగా ఉండవలసినవని నమ్మి, అది ఆ లెక్కనే ఫొటో మొత్తానికీ వర్తింపజేస్తుంది. జాగ్రత్తపరులైన ఫొటోగ్రాఫర్లు ఇందుకోసమే, పడిన వెలుతురులో 18 శాతాన్ని తిప్పి పంపే బూడిదరంగు అట్టను వెంట తెచ్చుకుంటారు. నాకు అట్ట లేదు గాని, ముందు వరుసలో నాన్నగారి పంచె ఉంది. దానికన్నా తెల్లనిది తిరుపతి మొత్తంలో లేదన్న ధీమాతో దాని మీద నొక్కాను. ఆకుపచ్చ పోయింది, అందరూ పసుపెక్కారు. అక్క అత్తగారు కళ్లజోడు సవరించుకొని, "బిడ్డకు కామెర్లు ఎప్పుడొచ్చినాయి నాయనా?" అన్నారు.

కారణం అమ్మ తేల్చింది. "మీ నాయన పంచెను నీలిమందు పెట్టకుండా ఏనాడన్నా ఆరేసినానా?" నేను తెలుపనుకున్నది నిజానికి లేత నీలం, ఆ నీలం ఉండకూడదని సాఫ్ట్‌వేరుకు చెప్పినది నేనే, కనుక అది ఎంతో విధేయంగా అందరి ముఖాల్లోంచీ నీలాన్ని తోడేసి పసుపును మిగిల్చింది. పాతబడి పసుపు తిరిగిన బట్టకు నీలం కలిపి తెల్లగా చూపించడం కూడా రంగును సరిచేయడమే కదా. నాకు మౌసుతో చేతకాని పనిని మా అమ్మ బకెట్టు నీళ్లలో నాలుగు చుక్కలతో ఏళ్ల తరబడి చేస్తోంది.

ఇక యంత్రాన్ని నమ్మకూడదని, ఆ రాత్రి పదకొండు గంటలకు కూర్చొని, ముఖాలు సహజంగా కనిపించేంతవరకు నా చేత్తోనే నీలాన్ని కొంచెం కొంచెంగా పెంచుకుంటూ పోయాను. ఎంత పెంచినా ఇంకా పసుపుగానే తోచింది. చివరికి తృప్తి కలిగి, ఫైలును ఆ రాత్రే ప్రింటుకు పంపేశాను. కళ్లకు శ్రమ కలగకూడదని పొద్దుగూకగానే తెరను పసుపు రంగుకు తిప్పే నైట్ లైట్ సదుపాయాన్ని నా ల్యాప్‌టాప్‌లో నేనే పెట్టుకున్న సంగతి మర్నాడు ఉదయం గాని గుర్తుకు రాలేదు.

పటం వచ్చింది. బంధువులంతా నీలమేఘశ్యాములై బారులు తీరి కూర్చున్నారు. అక్క నోరు విప్పలేదు. నాన్నగారు మాత్రం పటాన్ని దగ్గరగా పట్టుకొని, తన పంచెనే చాలాసేపు పరీక్షగా చూసి, అమ్మ వైపు తిరిగారు.

"నీలిమందు ఈ తూరి కొంచెం ఎక్కువేసినట్టుండావే."