ఫిలిప్పీన్స్ వంటలను స్పెయిన్ ఖాతాలో వేయకండి

ఫిలిప్పీన్స్‌లోని దావావ్ నగరంలో ఎంబీబీఎస్ చదివే మన పిల్లల వీడియోలు ఈమధ్య వరసగా కనిపిస్తున్నాయి. ఎవరో ఒకరు అడోబో, అంటే వెనిగర్‌లో ఉడికించిన మాంసం గిన్నె ముందు పెట్టుకుని, "ఇది స్పెయిన్ వంట, నూడుల్స్ చైనావి, వీళ్లకంటూ సొంత తిండే లేదు" అని తేల్చేస్తారు. వింటుంటే ఒళ్లు మండుతుంది.

స్పెయిన్ వాళ్లు ఆ దీవుల్లో కాలూనింది 1565లో. 1613లో పెడ్రో దె సాన్ బువెనావెంచురా అనే ఫ్రాన్సిస్కన్ సన్యాసి అక్కడి తగలోగ్ భాషకి నిఘంటువు అచ్చు వేస్తూ, అక్కడివాళ్ల వంటను 'స్థానికుల అడోబో' అని రాశాడు. అంటే వంట వాళ్లది, పేరు మాత్రమే ఆయన పెట్టింది. ఉక్కపోత దేశం, ఐసు లేని కాలం. మాంసం పాడవకుండా ఉండాలంటే ఉప్పు, వెనిగర్ తప్ప దారేముంది? సోయా సాస్ చైనా వర్తకులతో వచ్చిందన్నది నిజమే. కానీ అది లేకుండా వెనిగర్, వెల్లుల్లి, మిరియాలు, ఉప్పుతో తెల్లగా వండే అడోబో ఇప్పటికీ చాలా ఇళ్లలో ఉంది. బికోల్ ప్రాంతం వైపు కొబ్బరి పాలు కూడా పోస్తారు. 2021లో ప్రభుత్వం అడోబోకి ఒక ప్రామాణిక పద్ధతి తయారు చేస్తామంటే జనం గగ్గోలు పెట్టారు. ఎరువు తెచ్చుకున్న వంట కోసం ఎవరైనా అంత గొడవ చేస్తారా?

అసలు పాతదనం చూడాలంటే వెనిగర్‌లో నానబెట్టే పచ్చి చేప వంటకం, కినిలావ్ చూడండి. మావాడు అద్దెకున్న ఇంటావిడ చేస్తుంటే పక్కనే నిలబడి చూశాను. తాజా ట్యూనాను ముక్కలు కోసి, ముందు కొంచెం వెనిగర్ పోసి చేత్తో కలిపి, నీచు పోయేలా పిండి పారబోసింది. తర్వాత అల్లం, ఉల్లిపాయ, చిన్న చిన్న మిరపకాయలు వేసి మళ్లీ కొత్త వెనిగర్ పోసింది. ఎర్రటి ముక్క అంచుల నుంచి తెల్లబడుతూ వచ్చింది. పొయ్యి వెలిగించే పనే లేదు. ఆ వెనిగర్ కూడా కొబ్బరి కల్లు పులిసి తయారైనదే. కల్లును వాళ్లు తుబా అంటారు. అక్కడి బుటువాన్ పట్నంలో జరిగిన తవ్వకాల్లో చేప ఎముకలతో పాటు, ఇప్పటికీ కినిలావ్‌లో వాడే టాబోన్‌టాబోన్ అనే అడవి కాయల చెక్కలు దొరికాయి. స్పెయిన్ ఓడలు రావడానికి కొన్ని వందల ఏళ్ల ముందువి అవి.

పన్సిత్ అనే నూడుల్స్, లుంపియా అనే చుట్టిన రోల్స్ చైనా వాళ్లతో వచ్చాయి, అందులో తగాదా లేదు. మనీలాలోని బినోండో చైనా పేట 1594 నాటిది. కానీ మలబోన్ అనే తీరపు ఊరి పన్సిత్ మీద రొయ్యలు, ఆయిస్టర్లు పరిచింది ఆ తీరం వాళ్లే.

ఆ లెక్కన మన సంగతేమిటి? గుంటూరు మిరప అమెరికా ఖండాల నుంచి పోర్చుగీసు ఓడల్లో వచ్చింది. వేరుశనగ, టమాటా కూడా అటు నుంచి వచ్చినవే. చింతచెట్టు పుట్టిల్లు ఆఫ్రికా. అయినా ఆవకాయను పోర్చుగీసు పచ్చడి అంటే ఊరుకుంటామా? పులుసు లేనిదే ముద్ద దిగని మనవాళ్లు, పచ్చి చింతకాయ ఉడికించి, చిదిమి, వడకట్టి కాచే వాళ్ల పులుసు సినిగాంగ్‌ని చూసి ముఖం చిట్లించడమే నాకు మింగుడు పడదు.

ఇంకో రకం మనుషులున్నారు. కరే-కరే అనే అక్కడి వంటకాన్ని చూపించి "ఇది మన కూరే" అంటారు. 1762లో మద్రాసు నుంచి వెళ్లిన బ్రిటిష్ సేన మనీలాను పట్టుకుని 1764 దాకా ఉంది. అందులోని సిపాయిల్లో కొందరు మనీలా దగ్గరి కైంతాలో స్థిరపడ్డారు, అది చరిత్ర. కరే-కరే వాళ్లే మొదలుపెట్టారన్నది అక్కడ చెప్పుకునే కథల్లో ఒకటి. పంపంగా అనే రాష్ట్రంలో పుట్టిందనే వాళ్లూ ఉన్నారు. సరే, గిన్నెలోకి చూడండి. ఎద్దు తోక, అరటి పువ్వు, వంకాయ, వేయించి నూరిన బియ్యం, వేరుశనగ ముద్ద, ఎర్రటి రంగుకి అచ్చువెతె (అనాటో) గింజలు, పక్కన నంజుకోవడానికి పులియబెట్టిన రొయ్యపొట్టు. మసాలా లేదు, పోపు లేదు. సిపాయిలు వండి ఉంటే ఉండొచ్చు, కానీ రెండున్నర శతాబ్దాలుగా దాన్ని నిలబెట్టి, తమ చేతితో మార్చుకుని, పండక్కీ పబ్బానికీ వండుకుంటున్నది వాళ్లు. దాని మీద మనకేం హక్కుంది?